మూడోసారి అడగని భోజనం

పర్సనల్ అసిస్టెంటుకి లెక్కలతో పనేమిటండీ అని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. నాకూ ఆ అనుమానం చాలా ఏళ్ళు ఉండేది. మా నాన్నగారు రాజోలు వైపు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఊళ్ళో పిల్లలందరికీ వచ్చిన లెక్కలు ఆయన సొంత కూతురికి మాత్రం అంటలేదు. అంకెల జోలికి వెళ్ళక్కర్లేని ఉద్యోగం ఇదొక్కటే అనుకుని, టైపూ కంప్యూటరూ నేర్చుకుని ఇందులో చేరాను. మా చైర్మన్ గారికి డాక్టరు రాగిజావ రాసేదాకా నా నమ్మకానికి ఏ ఢోకా రాలేదు.

మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచూ, కొబ్బరి పొడీ తయారుచేసి బయట రాష్ట్రాలకు పంపే కంపెనీ. చుట్టుపక్కల రైతులూ, దళారులూ కాయా, కాయ వలిచాక మిగిలే పీచు డొక్కా అరువు మీద తోలేవారు. సరుకు అమ్ముడయ్యాక డబ్బు అందుకునేవారు. కాగితం మీద కన్నా నోటిమాట మీద నడిచే వ్యాపారం అది. ఆఫీసు వెనక పెద్ద వంటగది, దాని పక్కన బల్లలు వేసిన భోజనాల వసారా ఉండేవి. మధ్యాహ్నం వేళ గేటు దాటి ఎవరొచ్చినా చైర్మన్ గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తన పక్కన కూర్చోబెట్టుకుని తినేవారు. మా వంటావిడ చేతి పనసపొట్టు కూర కోసం లేని పని కల్పించుకుని వచ్చేవాళ్ళు కూడా కొందరున్నారని నా గట్టి అనుమానం.

అంతలో చైర్మన్ గారికి షుగరు బయటపడింది. ఎదుటివాళ్ళు ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని నెయ్యి వేసుకుంటుంటే రాగిజావ తాగుతూ కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? ఆయన వల్లా కాలేదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమ్మా, ఇకమీదట వచ్చినోళ్ళని భోజనానికి నువ్వే అడుగు. నేను నా గదిలోనే ఉంటాను. ఆ తాలింపు వాసన మాత్రం ఇటు రానీకు తల్లీ" అన్నారు. అలా కంపెనీ మర్యాదల శాఖ నా చేతికి వచ్చింది.

పై ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా కోనసీమలో భోజనానికి పిలవడం ఒక మాటతో అయ్యే పని కాదు. మొదటిసారి అడిగితే, "అబ్బే, ఇప్పుడే తినొచ్చేనండీ" అంటారు. రెండోసారి అడిగితే, "ఎందుకండీ మీకు శ్రమ, ఇంటికాడ వండేసుంటారు" అంటారు. మూడోసారి కాస్త గొంతు పెంచి, చెయ్యి పట్టుకుంటే, "తమరు అంతగా అంటుంటే ఎలా కాదంటాం, ఏదో ఓ ముద్ద" అని లేచి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మారు అన్నం పెట్టించుకుని తింటారు. మొదటిసారికే సరేనన్నవాడు ఆశపోతు. మూడోసారి అడగనివాడు పీనాసి. ఈ రెండు ముద్రలూ పడకుండా బతకడమే మా వైపు మర్యాద.

ఇదేమీ తెలియని మనిషి ఒకాయన అప్పుడే మా కంపెనీలో ఫైనాన్స్ మేనేజరుగా వచ్చారు. హైదరాబాదులో పెద్ద చదువు చదివిన కుర్రాడు. చేరిన రోజు మధ్యాహ్నం వసారాలో నిలబడ్డ ఆయన్ని వంటావిడ, "భోంచేద్దురు గాని రండి బాబూ" అంది. "తప్పకుండా అండీ, పదండి" అని ఆయన వెంటనే వెళ్ళి ఆకు ముందు కూర్చున్నాడు. వంటావిడ నా గదికి పరిగెత్తుకొచ్చి, "పాపం, ఎన్నాళ్ళయిందో ఏటోనండీ అన్నం తిని" అని కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజు నుంచి ఆయనకి రోజూ ఒక గరిటె ఎక్కువే పడేది.

అన్నం తిన్న చేత్తోనే ఆయన వంటగది మీద పడ్డాడు. కంపెనీకి ఇచ్చే అప్పు పరిమితిని మళ్ళీ మంజూరు చేసేముందు ఖర్చులు తగ్గించుకోండని బ్యాంకువాళ్ళు చెప్పారట. అందుకని ప్రతి విభాగానికీ ఒక బడ్జెట్ పెట్టాడు. చైర్మన్ గారి ఆఫీసు బడ్జెట్ నా నెత్తిన పడింది. కంప్యూటర్లో ఒక షీటు తెరిచి చూపించాడు. ఒక గడిలో అంచనా, పక్క గడిలో అసలు ఖర్చు, దాని పక్కన తేడా. ఖర్చు అంచనా దాటితే గడి ఎర్రగా, లోబడి ఉంటే పచ్చగా మారుతుంది. కార్లూ, ఫోన్లూ, స్టేషనరీ అన్నీ పచ్చగానే ఉన్నాయి. 'అతిథి మర్యాదలు' అన్న పద్దు మాత్రం గుంటూరు మిరపకాయలా ఉంది.

"మేడమ్, ఆరు నెలలు టైమిస్తాను. ఈ గడి పచ్చగా మారకపోతే వంటగది మూసేద్దాం. ఎవరైనా వస్తే అమలాపురం నుంచి పార్సిల్ తెప్పిద్దాం" అన్నాడు.

"మరి వంటావిడండీ?"

"సెటిల్ చేసి పంపించేద్దాం. రూల్స్ ప్రకారమే ఇస్తాం, మీరేం వర్రీ కాకండి."

నా దిగులు రూల్సు గురించి కాదు. వంటావిడ మొగుడు మస్కట్ వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని, ఇటువైపు చూడటం మానేశాడు. కూతురు కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఆ ఫీజు ఈ వంటగది పొయ్యి మీదే ఉడుకుతోంది. అదీగాక, ఇంట్లో వండుకోవడం బద్ధకించే నాలాంటిదానికి రోజూ మధ్యాహ్నం కడుపునిండా పెట్టే చెయ్యి అది. ఆ చెయ్యిని పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మొదట అందరూ చేసే పనులే చేశాను. రెండు కూరలు చాలన్నాను. వంటావిడ సరేనంది. కాని మూడో కూరని పచ్చడి అనీ, నాలుగో కూరని పులుసు అనీ పిలవడం మొదలుపెట్టింది. నెయ్యి చిన్న చెంచాతో వడ్డించమంటే అతిథి వైపు చూడకుండా మూడు చెంచాలు వేసేది. "చెంచా చిన్నదే కదండీ మరి" అనేది. నెలాఖరుకి గడి ఇంకా ఎర్రబడింది.

నాకు దారి చూపించింది టెలిఫోను. ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక కొబ్బరితోటల ఆసామి వచ్చాడు. పని అయ్యాక భోజనానికి అడిగాను, వద్దన్నాడు. మళ్ళీ అడిగాను, వద్దన్నాడు. మూడోసారి అడగబోతుంటే ఫోన్ మోగింది. మాట్లాడి తలెత్తేసరికి ఆయన గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటున్నాడు. రెండుసార్లు వద్దన్న మనిషి తనంతట తాను వచ్చి కూర్చోలేడు కదా. ఒకసారి వంటగది వైపు, ఒకసారి నా వైపు చూసి, "ఉంటానండీ" అని వెళ్ళిపోయాడు. అయ్యో అనిపించింది. ఆ వెంటనే, ఒక భోజనం మిగిలిందే అని కూడా అనిపించింది.

మర్నాటి నుంచి నాకు సరిగ్గా మూడోసారి అడగాల్సిన సమయానికి ఫోన్లు రావడం మొదలయ్యాయి. రాకపోతే నేనే చేసుకునేదాన్ని. ఎవరినీ నేను కాదనలేదు. ఎంతో ఆప్యాయంగా రెండుసార్లు అడిగాను, వారే వద్దన్నారు. ఇందులో నా తప్పు ఎక్కడుందో వెతికినా దొరకదు. చైర్మన్ గారు తన గదిలో రాగిజావతో కుస్తీ పడుతున్నారు కాబట్టి ఆయన చూడరు. గడి ఎరుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి పచ్చకి తిరిగింది. సమీక్ష సమావేశంలో ఫైనాన్స్ మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించి, "ఎలా సాధించారు మేడమ్?" అని అడిగాడు. "డిమాండ్ తగ్గించానండీ" అన్నాను. ఆయన ఆ మాట రాసుకున్నాడు కూడా.

కాని ఆ చప్పట్ల చప్పుడు ఆగకముందే నా తెలివి నాకే ఎదురు తిరిగింది.

"రోజూ ఇంత తక్కువమంది తింటుంటే వంటగది దేనికి మేడమ్? పార్సిల్సే చవక. వచ్చే నెల నుంచి క్లోజ్ చేసేద్దాం" అన్నాడాయన, ఎంతో సంతోషంగా.

పిల్లలూ, బడ్జెట్ గురించి మీకు ఎవరూ చెప్పని సంగతి ఇది. ఎక్కువ ఖర్చుపెడితే తప్పు, తక్కువ ఖర్చుపెడితే ఇంకా తప్పు. మిగిల్చిన డబ్బు అక్కర్లేని డబ్బు కింద లెక్క. పొయ్యిని కాపాడదామని నేనే దాని మీద నీళ్ళు చల్లుతూ వచ్చాను. ఆ మధ్యాహ్నం వంటావిడకి సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. "ఈమధ్య జనం తగ్గేరనుకున్నానండీ. నా చెయ్యి రుచి పోయిందేమోనని రోజూ నేనే రుచి చూసుకుంటున్నాను" అంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో వింత మొదలైంది. డొక్క లారీలు తగ్గాయి. కాయలు మా గేటు ముందు నుంచే వెళ్ళి పక్క మండలంలో దిగుతున్నాయని యార్డు సూపర్‌వైజరు చెప్పాడు. ఫోన్ చేస్తే అందరూ, "పంపుతామండీ, రేపు పంపుతామండీ" అనేవారు. మా వైపు రేపు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పీచు మిషన్లు మధ్యమధ్యలో ఆగిపోతున్నాయి. ఒప్పుకున్న ఆర్డరు ఆ నెలలోనే పంపాలి.

ఒకరోజు పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఆఫీసు వరండా నిండా మనుషులు. రైతులు, దళారులు, కొబ్బరి వలిపించేవాళ్ళు. కె.గంగవరం వైపు నుంచి కూడా వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, భుజాల మీద తువ్వాళ్ళు, ముఖాల నిండా మర్యాద. ఫైనాన్స్ మేనేజరు వాళ్ళ మధ్య తిరుగుతున్నాడు.

"ఏం కావాలండీ మీకు?"

"ఏం వద్దండీ. ఊరికే వచ్చేం."

"మీరండీ?"

"ఊరికేనండీ. ఇటు పక్కకి పనుంటేనూ."

"ఇంతమందికీ ఒకే రోజు ఇటు పక్కకే పనా?"

"ఆయ్" అన్నారు అందరూ కలిసి.

ఆయన నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. "మేడమ్, వీళ్ళు గొడవ చేస్తే పోలీసుల్ని పిలవొచ్చు. వీళ్ళు గొడవ చెయ్యట్లేదు. నవ్వుతున్నారు. నాకు భయమేస్తోంది" అన్నాడు.

నాకూ వేసింది. మా వాళ్ళు అరిస్తే కంగారు లేదు. ఊరికే వచ్చామని చెప్పి కదలకుండా కూర్చున్నారంటే మాత్రం సంగతి పెద్దదే. నాకు వరసకు బాబాయి అయ్యే ఒక ముసలి దళారి అందులో ఉన్నారు. ఆయన్ని పక్కకి పిలిచి, "నిజం చెప్పండి బాబాయిగారూ, ఏమిటిది?" అన్నాను.

ఆయన తువ్వాలు మడతపెట్టుకున్నారు. "నీకు తెలీందేవుందమ్మా. మొన్న మా వియ్యంకుడుగారు మిట్టమధ్యాహ్నం వచ్చి పస్తున తిరిగొచ్చేరు. అంతకుముందు మా తోడల్లుడు అంతే. పేటలో ఎవర్ని కదిపినా ఇదే మాట. చైర్మన్ గారు జనంలోకి రావట్లేదంట, బంతిలో కూర్చోట్లేదంట. వచ్చినోడికి అన్నవే పెట్టలేని కంపెనీ రేపు మన కాయకి డబ్బేం కడుతుందీ, అని." ఆగి, గొంతు తగ్గించి, "నేన్నమ్మలేదనుకో. ఊరికే వచ్చేను" అన్నారు.

ఇంతమందీ తమ బాకీలు ఒకేసారి అడిగారా, కంపెనీ ఆ సాయంత్రానికి నిలవదు. ఆ సంగతి బ్యాంకుకి చేరిందా, అప్పు పరిమితి ఇక రాదు. వంటావిడ ఉద్యోగం సంగతి దేవుడెరుగు, అందరి ఉద్యోగాలూ ఆమె వెనకే బయలుదేరతాయి. ఇదంతా నేను రెండోసారి దగ్గర ఆగడం వల్ల. ఫైనాన్స్ మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫోన్ల సంగతితో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంటే నేను చేరిన రోజు మొదటిసారికే సరేనన్నప్పుడు వాళ్ళేమనుకున్నారు?" అని అడిగాడు. కొంప మునుగుతుంటే ఆయన అనుమానం అది.

వంటగదికి పరిగెత్తాను. వంటావిడ తన సొంత గరిటెలూ, పచ్చడి జాడీలూ గోనెసంచిలో సర్దుకుంటోంది.

"వరండాలో ఉన్నవాళ్ళందరికీ మధ్యాహ్నం వండాలి" అన్నాను.

"పార్సిళ్ళు తెప్పించుకోండి. చవకంట కదా" అంది, తలెత్తకుండా.

"పార్సిల్ తెప్పిస్తే కంపెనీ మునిగిందని వాళ్ళే తేల్చేస్తారు. నువ్వే వండాలి."

"నాకు చెయ్యి బాలేదండీ."

నేను దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యే పట్టుకున్నాను. "జరిగింది నా వల్ల. నీ వంటకి వంక లేదు. నేనే మూడోసారి అడక్కుండా పంపేశాను. నీ కోసమే అనుకున్నాను, నీ పొయ్యికే ఎసరు పెట్టాను. ఇప్పుడు నువ్వు తప్ప దిక్కులేదు, వండవమ్మా" అన్నాను. నవ్వుతూ మొదలుపెట్టిన మాటలు చివరికొచ్చేసరికి ఏడుపులో పడ్డాయి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, సంచిలోంచి గరిటె తీసింది. "ముందు ఆ ముక్కు తుడుచుకోండి. కందా, గుమ్మడికాయలూ తెప్పించండి. పప్పు పడేస్తున్నాను" అంది.

వంట అవుతుండగా ఫైనాన్స్ మేనేజరుకి నేను పిలుపు నేర్పించాను. మూడుసార్లు అడగాలి. ఒక్కోసారికి కాస్త గొంతు పెంచాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లేపాలి, వాళ్ళు కొంచెం వెనక్కి లాగుతారు, వదలకూడదు. ఆయన పరీక్షకు చదివినట్టు చదువుకుని వరండాలోకి వెళ్ళాడు. మా బాబాయిగారితోనే మొదలుపెట్టి, మొదటి రెండుసార్లూ బాగానే అడిగాడు. మూడోసారి ఉత్సాహం ఎక్కువై ఆయన్ని కుర్చీతో సహా లేపేశాడు. వరండా అంతా ఒక్కసారి గొల్లుమంది. "హైదరాబాదు బాబు గట్టిగానే అడుగుతున్నాడ్రోయ్" అన్నారెవరో. పొద్దుటి నుంచి వాళ్ళ ముఖాల మీదున్న మర్యాద కాస్త సడలి, మామూలు ముఖాలు బయటికి వచ్చాయి.

ఆకులు పరిచారు. ముద్దపప్పు, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి పచ్చడి. నేను అనుకోని పని ఒకటి అప్పుడు జరిగింది. తలుపులన్నీ బార్లా తీసి ఉండటంతో తాలింపు వాసన నేరుగా చైర్మన్ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన బయటికి వచ్చి, బంతిలో ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చుని, "ఇయ్యాళ డాక్టరుగారి మాట వినేది లేదు. వడ్డించండి" అన్నారు. నేను కొంచెం అన్నమే వేయించాను. కాని ఆయన కూర్చున్నారు, కలుపుకున్నారు, పక్కవాడి మనవడి చదువు గురించి అడిగారు. జనానికి కావలసింది అదే. భోజనాలయ్యాక ఒక్కరూ డబ్బు మాట ఎత్తలేదు. చేతులు కడుక్కుంటూ మా బాబాయిగారు, "రేపు డొక్క తోలిస్తాలే అమ్మా" అన్నారు. ఈసారి రేపు అంటే రేపే అయింది. తెల్లారేసరికి గేటు ముందు లారీలు బారు తీరాయి.

చైర్మన్ గారు గదిలోకి వెళ్ళబోతూ నా దగ్గర ఆగారు.

"ఈమధ్య మనవాళ్ళు రావట్లేదనుకున్నానమ్మా. వచ్చేవారా?"

"వచ్చేవారండీ."

"మరి తినేవారా?"

"వద్దనేవారండీ."

"ఎన్నిసార్లు?"

నేను మోగని ఫోన్ తీసి హలో అన్నాను.

ఆ నెల షీటులో ఆ గడి ఎంత ఎర్రగా వెలిగిందంటే, నేను కొన్నాళ్ళు దాన్ని తెరవలేదు. ఇన్నాళ్ళూ మిగిల్చినదంతా ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. ఫైనాన్స్ మేనేజరు మాత్రం దాని ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "మనం వీళ్ళ దగ్గర అరువుకి సరుకు తీసుకుంటున్నాం, దానికి వడ్డీ కట్టట్లేదు. ఆ వడ్డీని అన్నం రూపంలో కడుతున్నాం మేడమ్. ఇది మర్యాద ఖర్చు కాదు, సరుకు ఖర్చు" అని ఆ పద్దుని తీసుకెళ్ళి కాయా, డొక్కా కొనుగోళ్ళ కింద పెట్టాడు. బ్యాంకువాళ్ళు వచ్చినప్పుడు అదే వివరించి ఒప్పించాడు. వాళ్ళకి ఆ వివరణ పనసపొట్టు కూరతో కలిపి వడ్డించాం. చదువు దండగ కాదని నాకు అప్పుడు తెలిసింది. అందుకే మీకూ చెప్తున్నాను. పద్దు పేరు చూసి ఖర్చు కొట్టేయకండి, అది మనకి ఏం తెచ్చిపెడుతోందో కనుక్కోండి. గడి పచ్చబడితే ఎందుకు పచ్చబడిందో కూడా కనుక్కోండి, ముఖ్యంగా మీ పక్కన నాలాంటిది ఎవరైనా పనిచేస్తుంటే.

వంటగది ఉండిపోయింది. నేను చాలా గొప్ప పని చేసినట్టు వంటావిడకి ఆ కబురు చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ విని, పొయ్యి మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నా వంటే కంపెనీని కాపాడిందని పేటంతా అనుకుంటున్నారండీ. నిజవేనా?"

"నిజమే."

"పద్దు కూడా మార్చేరంట కదా. సరుకు కిందకి."

"ఆయ్."

"మరి సరుకు రేటు ఏటేటా పెరుగుద్ది కదండీ. నా జీతం పెరగదేం?"

ఎంత కావాలో ఆవిడనే అడిగాను. ఆ అంకె పట్టుకుని ఫైనాన్స్ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన షీటు తెరిచి, "బడ్జెట్‌లో దీనికి చోటెక్కడుంది మేడమ్?" అన్నాడు.

మరుసటి ఏడాది బడ్జెట్ నేనే రాశాను. మొదటి గడిలో ఆవిడ జీతం వేసి, కార్లూ, ఫోన్లూ, స్టేషనరీ ఆ మిగిలిన చోటులో సర్దుకోమన్నాను.